ఖాళీ ఊరికి హాలెందుకు

పదవీ విరమణ ఇంకా రెండేళ్ళు ఉందనగా, ఒక డిసెంబరు నెలలో నన్ను నాంపల్లిలోని మా ప్రధాన కార్యాలయానికి, తనిఖీ విభాగంలో ఉప సంచాలకురాలిగా వేశారు. అంతకు ముందు సర్వీసంతా జిల్లాల్లోనే గడిచింది. స్టేషనుకి దగ్గరగా ఉన్న ఆ పాత భవనంలో, రెండో అంతస్తులో, బీరువాల వెనక నాకో బల్ల ఇచ్చారు. తనిఖీ విభాగమంటే మా శాఖలో ఎవరికీ పడదు. పని చేసేవాళ్ళు మమ్మల్ని చూస్తే మొహం తిప్పుకుంటారు, పని ఎగ్గొట్టేవాళ్ళు కుర్చీ వేసి టీ తెప్పిస్తారు. టీ తెప్పించిన వాళ్ళ ఫైలు నేను రెండుసార్లు చదివేదాన్ని.

నా చేతికొచ్చిన పథకం చిన్నది. వలసలతో జనం పల్చబడిన ఊళ్ళకు ఊరుమ్మడి పనుల కోసం ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు. పశువుల నీళ్ళతొట్టి, పంట కల్లం, చిన్న హాలు, ఇలాంటివి. ఊరివాళ్ళే కమిటీ కట్టుకుని అడగాలి, స్థలం వాళ్ళే చూపించాలి. మండలంలోని ఇంజనీరు అంచనా, నక్షా తయారు చేస్తాడు. జిల్లా నుంచి ఫైలు మాకొస్తుంది. నేను పరిశీలించి ‘సిఫార్సు చేయడమైనది’ అనో ‘చేయడం లేదు’ అనో ఒక్క ముక్క రాస్తాను. ఆ ముక్క మీదే మంజూరు. మార్చి దాటితే ఆ ఏటి గ్రాంటు మురిగిపోతుంది, ఆ ఊరికి మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. పాలవాడు ఒకరోజు చిక్కటి పాలు పోస్తే, ఇవాళ వీడికేం పుట్టిందని అడిగే మనిషినని మా ఆయన అంటూ ఉండేవారు. అనరా మరి! పఠన మందిరమని గ్రాంటు తీసుకున్న గదిలో మేకలు కట్టేయడం నేను కళ్ళారా చూశాను. మహిళా భవనం తాళం తీయించి చూస్తే లోపల సర్పంచి బామ్మర్ది ట్రాక్టరు ఉంది. అలాంటివి పది చూశాక, పదకొండోది గుడి అన్నా చెప్పులు విప్పే ముందు లోపలికి తొంగి చూస్తాం.

సత్తెమ్మ ఫైలు ఆ డిసెంబరులోనే వచ్చింది. ఊరి పేరు రాయను, పాలమూరు వైపు ఒక చిన్న పల్లె. అడిగింది సామాజిక భవనం, అంటే ఒక హాలు. ఫైలు విప్పీ విప్పగానే నాకు నచ్చలేదు. ఊళ్ళో మిగిలినవి పట్టుమని ఇరవై కొంపలు కూడా లేవు. కమిటీ అధ్యక్షురాలు సత్తెమ్మ అబిడ్స్‌లో ఒక మెస్సులో గిన్నెలు కడుగుతుంది. మిగతా సభ్యులు కూడా హైదరాబాదులోనే తాపీ పని, హమాలీ పని చేసుకుంటూ గౌలిగూడ సందుల్లో కిరాయికుంటారు. ఊళ్ళో ఉండని వాళ్ళకు ఊళ్ళో హాలెందుకు?

నక్షా చూస్తే ఇంకా విచిత్రం. వేదిక లేదు, వంటగది లేదు. ముందు తలుపు మాత్రం రెండు రెక్కలతో ఎడ్లబండి పట్టేంత వెడల్పు. భవనం బయట నాపరాళ్ళ గచ్చు, దాని పక్కన వరసగా కుళాయిలు, పెద్ద నీళ్ళ తొట్టి. వెనక రెండు గదులు. స్థలం ఊరికి దూరంగా వాగు ఒడ్డున.

సత్తెమ్మ రోజు విడిచి రోజు వచ్చేది. మెస్సులో మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక అబిడ్స్ నుంచి నడుచుకుంటూ వచ్చి, మెట్ల దగ్గర కొంగుతో మొహం తుడుచుకుని, నా బల్ల ముందు నిలబడేది. నలభై అయిదేళ్ళుంటాయి. కూర్చోమంటే కూర్చునేది కాదు.

“ఆ హాలు ఏం పనికమ్మా?” అని అడిగితే, “గిట్లనే మేడం, ఏదన్న కార్యం అయితే పనికొస్తది” అనేది. ఏం కార్యం అంటే కిటికీలోంచి స్టేషను వైపు చూసేది. “పెండ్లిల్లకు” అనేది ఆఖరికి, మందు మింగినట్టు మొహం పెట్టి.

ఆమె భర్త పెద్ద దవాఖానలో ఉన్నాడని మా అటెండరు చెప్పాడు. రెండు కిడ్నీలూ పాడయ్యాయట, డాక్టర్లు పెద్దగా ఆశ పెట్టుకోవద్దన్నారట. ఆ మాట విన్నాక జాలి పడవలసిన నేను మరింత బిగుసుకున్నాను. మొగుడు మంచాన పడి ఉంటే ఏ ఆడదైనా మందుల కోసం తిరుగుతుంది. ఈవిడ పెళ్ళిళ్ళ హాలు కోసం తిరుగుతోంది, అదీ మార్చిలోపే కావాలంటూ. వెనకాల ఎవడో ఉండి తిప్పుతున్నాడని నా లెక్క.

జనవరిలో జీపు తీయించి ఊరికి వెళ్ళాను. వెంట మండల ఇంజనీరు. సగం ఇళ్ళ కప్పులు కూలి, లోపల సర్కారు తుమ్మ మొలిచింది. బడికి తాళం, పిల్లలు లేక మూసేశారు. స్థలం ఇచ్చిన లింగయ్య మమ్మల్ని వాగు దగ్గరికి నడిపించుకెళ్ళాడు. ఎనభై దాటిన మనిషి, చేతికర్ర పట్టుకున్నాడన్న మాటే గాని దాని మీద ఆనేవాడు కాదు. ఒడ్డు మీద నిలబడి చూస్తే వాగుకి ఇవతల పక్కనే, కూతవేటు దూరంలో ఊరి శ్మశానం కనిపించింది.

“పెళ్ళిళ్ళ హాలు శ్మశానం పక్కనా తాతా?” అన్నాను.

“గాలి మంచిగొస్తది బిడ్డా” అన్నాడు లింగయ్య. వెనక నిలబడ్డ ఇద్దరు ముసలమ్మలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నన్ను వెర్రిదాన్ని చేస్తున్నారని ఒళ్ళు మండిపోయింది.

తిరుగు దారిలో నా మనసులో కథ మొత్తం కుదిరిపోయింది. ఊళ్ళో జనం లేరు. శ్మశానం పక్కకు మనుషులు రారు. బండి లోపలికి పోయే తలుపు, కడుక్కోవడానికి గచ్చు, కాపలావాళ్ళకు రెండు గదులు. ఇది దొంగ సారా గోడౌను కాకపోతే నా పేరు మార్చుకుంటాను అన్నాను ఇంజనీరుతో. అతను చిన్నవాడు, ఈ మధ్యే ఉద్యోగంలో చేరినవాడు. “నాకు గీసిచ్చింది వాళ్ళే మేడం, కర్రపుల్లతో నేల మీద గీసి చూపించిన్రు” అన్నాడు బిక్కచచ్చి.

మా నిబంధనల్లో ‘నివాస ధ్రువీకరణ’ అని ఒకటుంది. కమిటీ సభ్యులు అసలు ఉన్నారా, పేర్లు పుట్టించారా అని తనిఖీ అధికారి ముందు చెప్పకుండా వెళ్ళి చూడవచ్చు. చాలామంది ఆ పని గుమాస్తాకి వదిలేస్తారు. నేను వదల్లేదు. ఫిబ్రవరిలో ఒక ఉదయం గన్‌ఫౌండ్రీ బ్యాంకులో పని చూసుకుని, అటునుంచి అటే గౌలిగూడ ఆటో ఎక్కాను. దొంగల్ని ఇంటి దగ్గరే పట్టాలని నా ఉబలాటం.

సందు మొదట్లోనే ఒక అంబులెన్సు అడ్డంగా ఆగి ఉంది. వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. లోపల తెల్లగుడ్డ కప్పిన మనిషి. చుట్టూ పదిమంది, అందరూ నా ఫైలులో ఫొటోలుగా ఉన్న మొహాలే. కమిటీలో సభ్యుడైన తాపీమేస్త్రీ తల్లి ఆ తెల్లవారుజామున దవాఖానలో పోయిందట. కొడుకు ఆమెను కిరాయి గదికి తీసుకొచ్చాడు. ఇంటి ఓనరమ్మ గేటు పట్టుకుని నిలబడింది. ఆమె ముందు, అదే ఇంట్లో కిరాయికుండే సత్తెమ్మ.

“జర సేపు వాకిట్లనన్న దించనియ్యమ్మా, నీళ్ళు పోసి తీస్కపోతం” అంటోంది సత్తెమ్మ.

ఓనరమ్మ రాక్షసి ఏం కాదు. ఆమె కూడా ఏడుస్తోంది. “నా తల్లసొంటిది గామె, నాకు లేదా బాధ? పంతుల్ని అడిగిన. పోయిన నక్షత్రం మంచిది కాదంట. శవం గేటు లోపటికొస్తే ఇల్లు ఆర్నెల్లు పాడువెట్టాలె అన్నడు. నా ఇంట్ల నాలుగు కుటుంబాలున్నయ్, అందరం యాడికి పోవాలె? నీ కాళ్ళు మొక్కుత, తీస్కపోండ్రి” అంది.

అంబులెన్సు డ్రైవరు హారన్ కొట్టి, “ఎక్కడికి పోవాలో చెప్పండన్నా, నాకింకో కిరాయి ఉంది” అన్నాడు. తల్లి పాదాల దగ్గర చెయ్యి వేసి నిలబడ్డాడు మేస్త్రీ. ముప్పై ఏళ్ళు ఈ నగరంలో ఇళ్ళు కట్టిన మనిషి.

చెప్పొద్దూ, ఈ సంగతి నాకు అంతవరకూ తట్టలేదు. హిమాయత్‌నగర్‌లో మాది తాతలనాటి ఇల్లు. మా తాతయ్య, నాయనమ్మ, మా నాన్న ముగ్గురినీ మా హాల్లోనే పడుకోబెట్టాం, మా వాకిట్లోంచే సాగనంపాం. చావుకి చోటు వెతుక్కోవడం అనేది ఒకటి ఉంటుందని నాకు తెలియదు.

సత్తెమ్మ నన్ను అప్పుడు చూసింది. మొహంలో రంగు పోయింది. దగ్గరికి పిలిచి అడిగాను, ఇప్పుడు ఏం చేస్తారని.

“ఊరికి తీస్కపోతం మేడం. గాడ మాత్రం ఇల్లేది? ఎప్పుడో కూలిపాయె. మూతవడ్డ బడి వరండల దించుతం. వానొస్తే పరదాలు గడుతం. దినాలు అయ్యేదాంక ఎవ్వలింట్ల తలదాసుకోవాల్నో తెల్వది. మైల మనుషులను ఎవ్వలు రానిస్తరు?”

నక్షా నా సంచిలోనే ఉంది. తీసి చూడవలసిన అవసరం లేకపోయింది. రెండు రెక్కల తలుపు పాడె పట్టడానికి. బయటి గచ్చు శవానికి నీళ్ళు పోయడానికి. వరస కుళాయిలు, కాటి నుంచి తిరిగొచ్చినవాళ్ళు స్నానాలు చేసి లోపలికి అడుగుపెట్టడానికి. వెనక గదులు పది రోజులు కుటుంబం ఉండటానికి. నేను సారా గోడౌను అన్న ప్రతి గోడకూ అర్థం మారిపోయింది.

“ఇన్ని సార్లు వచ్చావు కదమ్మా, ఈ మాట ఒక్కసారి చెప్తే నీ సొమ్మేం పోయింది?” అన్నాను. కోపంగానే అన్నాను.

ఆమె గొంతు తగ్గించింది. “నా పెనిమిటి దవాఖానల ఉన్నడు మేడం. ఆయన పానంతోటి ఉండంగ, సావుకు ఇల్లు గావాలని నా నోట్లకెళ్ళి ఎట్ల అంట? అన్ననాడే అయితదేమో అని నాకు భయం” అంది. “డాక్టర్లు అయితే మార్చి, ఏప్రిల్ అన్నరు. ఈ గేటు గిట్లనే ఉంటది. అందుకే ఉరుకుతున్న.”

అంబులెన్సు బయల్దేరింది. నేను నడుచుకుంటూ ఆఫీసుకి వచ్చి, మధ్యాహ్నం భోజనం మానేసి నివేదిక రాశాను.

రాయడమైతే రాశాను గాని, ముందు నుయ్యి వెనక గొయ్యి. ‘ఫంక్షన్ హాలు’ అని రాస్తే ఊళ్ళో కనీస జనాభా ఉండాలన్న నిబంధన అడ్డు, ఫైలు అక్కడే చస్తుంది. ‘శ్మశానవాటిక అనుబంధ పనులు’ అనే పద్దు కింద రాస్తే జనాభా నిబంధన లేదు. కాని అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాలి. నేను ఉన్నదున్నట్టే రాశాను. నగరంలో కిరాయికుండే ఈ ఊరివారు తమవారి భౌతికకాయాలను ఉంచి, దినకర్మలు ముగిసే వరకు నివసించడానికి ఈ భవనం అవసరమని.

మా సంయుక్త సంచాలకులు చదివి కళ్ళజోడు తీశారు. పెద్దమనిషే గాని శకునాల పిచ్చి. “ఇది పైకి పంపితే నా మొహాన కొడతారండీ. చావిల్లు ప్రారంభించడానికి రిబ్బను కత్తిరించే నాయకుడు ఎవడు? ఏదో ఒకటి మంచిమాట పెట్టి రాయరాదూ?” అన్నారు. మంచిమాట పెడితే నిబంధన ఒప్పుకోదని చెప్పాను. ఆయన కాసేపు ఫైలు తిరగేసి అసలు మెలిక పట్టుకున్నారు. లింగయ్య రాసిచ్చిన సమ్మతిలో ‘శుభకార్యముల నిమిత్తము’ అని ఉంది. ప్రయోజనం మారింది కాబట్టి దాత స్వయంగా వచ్చి మళ్ళీ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే స్థలం లేదు, స్థలం లేకపోతే పని లేదు.

ఈ కబురు విన్న సత్తెమ్మ మొదటిసారి నా మీద అరిచింది. “ఎంత పని జేసినవ్ మేడం! నువ్వు కాయితం మీద గట్ల రాస్తవని తెలిస్తే గాడ నోరిప్పకపోదును. సావుకు భూమి ఎవ్వలిస్తరు? పక్కన లింగయ్య చేనుంది. వద్దంటే నేనేం జెయ్యాలె? నా పెనిమిటిని యాడ దించాలె?” మా విభాగమంతా తలలెత్తి చూసింది. ఎవరైనా నా బల్ల ముందు గొంతు పెంచితే ఊరుకునే అలవాటు నాకు లేదు. ఆ రోజు ఊరుకున్నాను, ఎందుకంటే ఆమె అన్నది నిజం.

లింగయ్య మార్చి మొదటివారంలో వచ్చాడు. అప్పటికీ నా బుద్ధి మారలేదు సుమా. ఆ భూమి అతని పేర నిజంగా ఉందా, బంజరు భూమిని దానం చేసి పేరు కొట్టేస్తున్నాడా అని తహసీల్దారు ఆఫీసుకి ఫోను చేసి అడిగాను. అంతా సవ్యంగానే ఉంది. బస్సు దిగి, సత్తెమ్మ చెయ్యి పట్టుకుని రెండంతస్తులు ఎక్కొచ్చిన ముసలాయనను సంయుక్త సంచాలకుల గదిలోకి తీసుకెళ్ళాను. సత్తెమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయి గోడకి ఆనుకుంది. పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలుస్తోందో.

సంయుక్త సంచాలకులు నీళ్ళు నమిలారు. ఆ మాట అనడానికి ఆయనకూ నోరు రాలేదు. చివరికి నేనే అడిగాను. “తాతా, మీరు పెళ్ళిళ్ళకని భూమి ఇచ్చారు. అక్కడ చనిపోయినవాళ్ళను ఉంచుతారట. దినాలు చేస్తారట. మీకు సమ్మతమేనా?”

లింగయ్య నన్ను ఎగాదిగా చూశాడు. “నాకు తెల్వదనుకున్నవా బిడ్డా? పెండ్లిల్లకైతే రోడ్డు మీద ఇద్దును. వాగుకాడ కాటి పక్కన ఏ పిచ్చోడన్న పెండ్లి జేస్తడా?” అన్నాడు. “ఊరంత ఎరికే. ఎవ్వలం నోటితోటి అనలే. పట్నంల అడిగెటోళ్ళు మంచిమాటనే రాయమంటరని శుభకార్యాలని రాసినం. ఎరికలేంది మీకే.”

సంయుక్త సంచాలకులు దగ్గు అడ్డం పెట్టుకున్నారు.

“పక్కన మీ చేను ఉంది కదా, ఇబ్బంది లేదా?” అన్నాను. ఆఖరి ప్రశ్న అది, వదిలిపెట్టే మనిషిని కాదు.

“నా చేన్ల నుంచే పోతరు అందరు. మా నాయన పోయిండు, నా పెండ్లాం పోయింది. జొన్న పండకుంటయిందా?” అన్నాడు. “బోర్డు మీద మాత్రం సావు అని రాయకుండ్రి. బతికున్నోళ్ళు గూడ చూస్తరు కద.”

అక్కడే కొత్త సమ్మతి మీద వేలిముద్ర వేశాడు. గుమ్మం దగ్గర సత్తెమ్మ నేల మీద చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నా కళ్ళూ తడిశాయి, దాచుకోవలసిన అవసరం ఇప్పుడు లేదు.

మంజూరు మార్చి మూడోవారంలో వచ్చింది. బోర్డు మీద ఊరి పేరు తప్ప ఏమీ రాయించలేదు. శిలాఫలకం లేదు, రిబ్బను లేదు. దానివల్ల ఒక లాభం కలిగింది. నాయకుల తీరిక కోసం ఆగవలసిన పని లేక, కప్పు పడిన వెంటనే తాళంచెవి కమిటీ చేతికి వచ్చింది. గోడలు కట్టింది, ఆ రోజు తల్లిని పోగొట్టుకున్న తాపీమేస్త్రీయే. సత్తెమ్మ భర్త డాక్టర్ల లెక్క తప్పించి వానాకాలం దాకా బతికాడు.

భవనం అప్పగించిన ఆరు నెలలకు వినియోగ తనిఖీ చేయాలి, అంటే కట్టిన దాన్ని కట్టిన పనికే వాడుతున్నారా అని చూడాలి. నేనే వెళ్ళాను. గచ్చు తడిగా ఉంది, లోపల శుభ్రంగా ఊడ్చి ఉంది. మూలమూలా చూశాను, సారా సీసా ఒక్కటీ దొరకలేదు. సత్తెమ్మ పట్నం నుంచి నా కోసం వచ్చింది. ఎలా ఉపయోగపడిందని అడిగాను, నివేదికలో రాయాలి కాబట్టి.

“పది దినాలు గీడనే ఉన్నం మేడం” అంది. “ఎప్పుడు పోతరని ఒక్కలు గూడ అడగలే.”

ఆ మాటను ఆమె అన్నట్టే నివేదికలో రాశాను. భాష సరిచేయమని పైనుంచి వచ్చింది, చేయలేదు.

ఆ తర్వాత ఉన్న కొద్ది సర్వీసులోనూ నేను అనుమానించడం మానలేదు. మానకూడదు కూడా, మేకలు కట్టిన పఠన మందిరాలు ఇప్పటికీ ఉన్నాయి. తనిఖీ వరస ఒక్కటి మార్చుకున్నాను. ఖాళీ అయిన ఊరి నుంచి దరఖాస్తు వస్తే, ముందు ఆ ఊరివాళ్ళు నగరంలో కిరాయికుండే సందుకి వెళ్ళి, ఇక్కడ వాళ్ళను ఏ పని చేసుకోనివ్వడం లేదో అడిగేదాన్ని. ఊరికి జీపు ఆ తర్వాతే.